ఎడమవైపు దీపం

నెవిల్ హార్గ్రీవ్స్ కారు వెళ్లి మిసెస్ ఆల్డర్సన్ కారుకి తగిలినప్పుడు వచ్చిన చప్పుడు పెద్దదేమీ కాదు. వంటింట్లో గిన్నె జారిపడితే ఇంకా ఎక్కువ మోగుతుంది. అయినా ఆ చప్పుడు తిన్నగా నెవిల్ కడుపులోకి దిగింది, ఎందుకంటే తన కారుని అతను కొనలేదు, కట్టాడు.

ఇంటి పక్కనున్న ఇరుకు గ్యారేజీలో, వేళ్లు కొంకర్లు పోయే చలికాలాల్లో కట్టాడు. భార్య పాలీన్ కారు ఆ చలికాలాలన్నీ వీధిలో మంచుకి తడిసింది. యజమాని పోయాక మూలనపడ్డ ఒక పాత కారులోంచి ఇంజను పీకి తెచ్చుకున్నాడు. గొట్టాలు కోసి అతికించి, రేకులు వంచి, వాటికి రివెట్లు కొట్టి, సర్కారువాళ్ల పరీక్షకి తీసుకెళ్లి ఒకసారి తప్పి, మళ్లీ వెళ్లి నెగ్గాడు. పైకప్పు లేదు, తలుపులు లేవు. మోచెయ్యి బయట పెడితే రోడ్డుకి రాసుకుంటుందేమో అనిపించేంత కిందకి ఉంటుంది. ముక్కు ఆకుపచ్చ, తక్కిన ఒళ్లంతా తళతళలాడే అల్యూమినియం. ఆడపిల్ల పెళ్లి చేసిన తండ్రికి కూడా అంత గర్వం ఉండదేమో అని పాలీన్ వచ్చినవాళ్లందరి దగ్గరా ఎగతాళి చేసేది.

ఇప్పుడు ఆ కారు ఉత్తర ఇంగ్లండులోని స్వేల్‌డేల్ లోయలో, రెండు రాతిగోడల మధ్య, తడిసిన ఆకుల మీద అడ్డంగా ఆగి ఉంది. ముందు ఎడమ చక్రం మీది మడ్‌గార్డు అప్పడంలా మడతపడింది. దాని పక్కన ఉండాల్సిన ఇండికేటర్ దీపం ఊడి, తీగకి వేలాడుతోంది.

ఇంజను దానంతటదే ఆగిపోయింది. నెవిల్ తాళం తిప్పి అన్నీ ఆపేశాడు. అప్పుడు డాష్‌బోర్డు మీద మీట కనిపించింది. అది ఎడమవైపుకి ఒరిగి ఉంది.

ఈ మీట సంగతి చెప్పాలి. మామూలు కార్లలో మలుపు తిరిగాక ఇండికేటర్ దానంతటది టక్కుమని ఆరిపోతుంది. ఇంట్లో కార్లు కట్టుకునే మహానుభావులకి అది నచ్చదు. విమానంలో ఉన్నట్టు ఇత్తడి మీటలు వరసగా పెట్టుకుంటే వాళ్లకి ముచ్చట. ఆ మీట వేస్తే పడుతుంది, మనం తీస్తేనే లేస్తుంది. తియ్యడం మర్చిపోతే ఊరు దాటినా దీపం కొట్టుకుంటూనే ఉంటుంది. మర్చిపోనివాడు వాళ్ల క్లబ్బులో ఒక్కడూ లేడు. అందుకే వాళ్లకొక ఆనవాయితీ ఉంది. ముందు వెళ్లేవాడి దీపం ఆరకపోతే వెనకవాడు హెడ్‌లైట్లు రెండుసార్లు కొడతాడు. ముందువాడు చెయ్యెత్తి దండం పెట్టి మీట తీస్తాడు. సాయంత్రం పబ్బులో దాని మీద నవ్వుకుంటారు.

పాలీన్‌కి మాత్రం నవ్వు రాలేదు. పట్టుబట్టి ఒక చిన్న బజర్ పెట్టించింది. దీపం వెలిగినంతసేపూ అది కీచుకీచుమంటూ ఉండేది. ఇంజను పాడుతుంటే మధ్యలో ఈ కోడిపిల్ల ఏమిటని విసుక్కుని, కిందటివారం నెవిల్ దాని తీగ పీకేశాడు. పాలీన్‌కి చెప్పలేదు.

ఎండ వెనకనుంచి పడుతోంది. వాన వెలిసిన తర్వాతి అక్టోబరు ఎండ, నేలకి దగ్గరగా, కత్తిలా ఉంది. డాష్‌బోర్డు మీద ఉండే చిన్న పచ్చ బల్బు ఆ ఎండలో వెలిగినా వెలగనట్టే. ఇందాక అద్దంలో ఏదో తళుక్కుమంటే, తన కారులో వెనక వస్తున్న క్లబ్బు స్నేహితుడు టెరీ తొందరపెడుతున్నాడనుకుని నెవిల్ ఇంకాస్త గట్టిగా తొక్కాడు. అది తొందరపెట్టడం కాదని ఇప్పుడు అర్థమయింది. వంతెన దగ్గర ఎడమకి తిరిగినప్పుడు వేసిన దీపం ఇక్కడిదాకా కొట్టుకుంటూనే వచ్చింది.

వేలు దానంతటదే వెళ్లి మీటని నిలువుగా నిలబెట్టింది. అతను ఆలోచించి చేసిన పని కాదు. అతన్ని కాపాడబోయి వేలే ముందు అబద్ధమాడింది. నోటి వంతు తర్వాత వచ్చింది.

ఎదుటి కారు తలుపు తెరుచుకుంది. చిన్న ఎర్ర కారు, ఎడమవైపు సందులోంచి సగం రోడ్డు మీదకి వచ్చి ఆగింది. ముందు బంపర్ పగిలి కుడిపక్క వేలాడుతోంది. అందులోంచి మిసెస్ ఆల్డర్సన్ దిగింది, పొట్టిగా, బక్కగా ఉన్న ముసలావిడ. ఉన్ని టోపీ, బొత్తాలన్నీ పెట్టుకున్న కోటు, చేతిలో తువ్వాలు. తువ్వాలునిండా బియ్యం పాయసం.

“నీకేమైనా తగిలిందా నాయనా?”

“లేదమ్మా. మీకు?”

“నాకేం కాలేదు. పాయసమే ఒలికింది. సీటంతా.” ఆవిడ తువ్వాలు మడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుంది. “మా ఆయన ఉంటున్న వృద్ధుల హోములో పెట్టే తిండి ఆయన ముట్టడు. నేను తీసుకెళ్లి నోట్లో పెట్టాల్సిందే. నాకోసం చూస్తుంటాడు.”

“అయ్యో.”

“నువ్వు తిరుగుతావనుకున్నానయ్యా,” అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. “ఇటు మా సందులోకి వస్తున్నావనుకున్నాను. దీపం కొడుతోంది కదా. అందుకే బయల్దేరాను.”

నెవిల్ మీటవైపు చూడకుండా కారు దిగాడు.

“నేను నేరుగా వెళ్తున్నానమ్మా,” అన్నాడు.

అది నిజమే. అతను నేరుగానే వెళ్తున్నాడు. ఆ మాటని ఏ జడ్జి ముందైనా ఒట్టేసి చెప్పొచ్చు. పైకి నిజంలా ఉండి లోపల కుళ్లిన మాటలు కొన్ని ఉంటాయి. నెవిల్ అలాంటి మాట పట్టుకున్నాడు.

ఈలోగా టెరీ తన నీలం కారు గోడవారగా ఆపి వచ్చాడు. టెరీ కారూ ఇంట్లో కట్టిందే. రేకు ఎలా వంచాలో నెవిల్‌కి నేర్పింది టెరీయే. ఇంజను దించిన రోజు నడుం పట్టేస్తే నెవిల్‌ని ఇంటికి మోసుకెళ్లిందీ టెరీయే. మడతపడ్డ మడ్‌గార్డుని చూసి సొంత చెయ్యి విరిగినట్టు మొహం పెట్టాడు.

“ఏమ్మా, చూసుకోవక్కర్లేదా? మెయిన్ రోడ్డు ఇది. ఇలా అడ్డంగా వచ్చేస్తే ఎలా?”

“ఎడమ దీపం కొడుతోంది బాబూ. చూసే వచ్చాను.”

“ఏ దీపం?”

“ఆయన కారుదే.”

టెరీ నెవిల్ వైపు చూడలేదు. మడ్‌గార్డు వైపే చూస్తూ, “నేను వెనకే వస్తున్నానమ్మా. దీపమూ లేదు, ఏమీ లేదు,” అన్నాడు.

ఎంత తేలిగ్గా అనేశాడో. ఆవిడ ఒకసారి టెరీని, ఒకసారి నెవిల్‌ని చూసింది. ఇద్దరు మగవాళ్లు ఒక పక్క, తను ఒక పక్క. తువ్వాల్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

“ముందు బండి వెనక్కి తీసుకుంటాను,” అంది. “ఎవరైనా వస్తే ఇబ్బంది.”

ఆవిడ కారెక్కి, వేలాడే బంపర్ని ఈడ్చుకుంటూ సందులోకి తీసుకెళ్లి, దాని మొదట్లోనే తిన్నగా నిలబెట్టింది. గీత గీసినట్టు వెనక్కి తీసింది. అంత బాగా వెనక్కి తియ్యడం టెరీకి కూడా రాదని నెవిల్ అనుకున్నాడు. అనుకుని ఇంకా కుంగిపోయాడు.

వాళ్లిద్దరూ నెవిల్ కారుని తోసి రోడ్డు ఎడమ అంచున, సందుకి కాస్త ఇవతల ఆపారు. తోస్తున్నప్పుడు టెరీ గొంతు తగ్గించాడు.

“రెండుసార్లు కొట్టాను కదరా లైట్లు. ఆ మూలమలుపు దగ్గర మళ్లీ కొట్టాను. గుడ్డివాడిలా పోతూనే ఉన్నావ్.”

“మరి ఆవిడతో అలా అన్నావేంటి?”

“ఇంకేమనమంటావ్? ఆవిడ సందులోంచి వచ్చింది. ఆగాల్సింది ఆవిడే. దీపం ఉన్నా లేకపోయినా తప్పు ఆవిడదే. ఇప్పుడు నువ్వు దీపం మాట ఎత్తావనుకో, సగం నీ నెత్తిన పడుతుంది. ఇంట్లో కట్టిన బండంటేనే ఇన్సూరెన్సువాళ్లు ముక్కు మూసుకుంటారు. తప్పు నీదని తేలితే బాగుచెయ్యరు. చెత్తకింద రాసి పారేస్తారు. దీన్ని లారీ మీద పడేసి తీసుకుపోతుంటే చూస్తూ నిలబడతావా? నా వల్ల కాదు.”

“ఆవిడ చూసింది టెరీ.”

“ఆవిడకేమవుతుంది? బంపర్. ఎవరో ఒకరు మార్చిస్తారు. నోరు మూసుకుని నిలబడు, చాలు. చెప్పాల్సింది నేను చెప్పేశాను.”

నెవిల్ నోరు మూసుకునే నిలబడ్డాడు. మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నిమిరాడు. దీన్ని వంచడానికి మూడు రేకులు పాడుచేసుకున్నాడు. అవి పాడైన రోజుల్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆవిడకేమవుతుంది, బంపరేగా అని తనూ లోపల అనుకుని చూశాడు. కాసేపు ఆ మాట నిలిచింది కూడా.

పైనున్న పొలంలోంచి నాలుగు చక్రాల బైకు ఒకటి గడగడలాడుతూ దిగింది. వెనక కుక్క కూర్చుని ఉంది. నడుపుతున్నవాడికి నలభై దాటి ఉంటాయి. ముఖమంతా అలసట, బూట్లనిండా బురద. దిగుతూనే ముసలావిడ దగ్గరకి వెళ్లి, భుజాలు పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

“దెబ్బ తగిలిందా అమ్మా?”

“లేదు మార్టిన్. నువ్వెందుకొచ్చావ్? గొర్రెలు విప్పి ఉన్నాయిగా.”

“పైనించి కనబడింది. ఏమయింది?”

ఆవిడ చెప్పడం మొదలుపెట్టేలోపే టెరీ చెప్పేశాడు. గొంతు పెంచలేదు, మర్యాద తప్పలేదు. ఆవిడ సందులోంచి వచ్చారనీ, దీపం వెలుగుతోందని పొరబడ్డారనీ, తను వెనకే ఉన్నాననీ, ఏ దీపమూ లేదనీ చెప్పాడు. ఎండ కళ్లలోకి కొడుతోంది కదా, ఎవరికైనా అలాగే అనిపిస్తుందని ఆవిడ తరఫున ఒక మాట కూడా కలిపాడు. ఆ కలిపిన మాటకి నెవిల్ తల దించుకున్నాడు.

మార్టిన్ విన్నాడు. కోప్పడలేదు. అతను కోప్పడి ఉంటే నెవిల్‌కి కాస్త ఊరటగా ఉండేది.

“మళ్లీనా అమ్మా?”

“మళ్లీ ఏమిటి?”

“వసంతంలో గేటు స్తంభం.”

“ఆ స్తంభం కనబడకే గుద్దానా? అడ్డొచ్చిన కుక్కని తప్పించబోయి గుద్దాను. నీకు తెలుసు.”

“తెలుసులే. ఆరోజు నువ్వేమన్నావో కూడా తెలుసు. ఇంకొకటి జరిగితే కారు తాళాలు నువ్వే నాకు ఇచ్చేస్తానన్నావు. నేనడగలేదు, నువ్వే అన్నావు.”

కుక్క బైకు మీదనుంచి దూకి ఆవిడ కోటు వాసన చూసింది, పాయసం వాసనకి కాబోలు.

“మీ నాన్న దగ్గరికి ఎవరు వెళ్తారు?”

“నేను తీసుకెళ్తాను.”

“ఎప్పుడు?”

“వీలైనప్పుడు.”

“నీకెప్పుడు వీలవుతుంది మార్టిన్? ఈ నెలలో నువ్వు పొద్దున తప్ప తీరిగ్గా తిండికి కూర్చున్న రోజు ఒక్కటి చెప్పు.” ఆవిడ గొంతు ఇప్పుడు సన్నబడింది. “బస్సు వారానికి రెండుసార్లు వస్తుంది, వస్తే. ఆయనకి నేను రోజూ తినిపించాలి. నేను వెళ్లకపోతే నోరు తెరవడు. నీకు తెలుసు, ఆ నర్సులకీ తెలుసు.”

“తెలుసమ్మా. కానీ ఇవాళ ఈయనకి ఏదైనా అయి ఉంటే? దీనికి పైన కప్పు కూడా లేదు, చూడు.”

నెవిల్ వైపు చెయ్యి చూపించాడు. అందరూ నెవిల్‌ని చూశారు. తలకి తోలు టోపీ, కళ్లజోడు, కళ్లజోడు చుట్టూ బురద చుక్కలు. తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు.

బంపరేగా అనుకున్న మాట అక్కడే కూలిపోయింది. పోయేది బంపర్ కాదు. రోజూ ఒక ముసలాయన నోటికి అందే చెంచా పోతోంది. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. చెబితే టెరీ ఏమవుతాడు? స్నేహితుడి కోసం అడ్డంగా అబద్ధమాడినవాణ్ణి, ముక్కూమొహం తెలియని వాళ్ల ముందు దోషిని చెయ్యాలి. చెప్పకపోతే ఈవిడ దోషి అవుతుంది. ఆవిడే ఇంకాస్త గట్టిగా పోట్లాడితే బాగుండు, నేను చూశాను అని అరిస్తే బాగుండు, అప్పుడు తను మధ్యలో ఒక మాట అనడం తేలికవుతుంది అని పిరికివాడిలా ఆశపడ్డాడు.

ఆవిడ పోట్లాడలేదు. పడమటివైపు తిరిగి, చెయ్యి అడ్డంపెట్టుకుని, ఎండలోకి చూసింది. చాలాసేపు చూసింది.

“నాకు కనిపించింది,” అంది, తనలో తను అనుకుంటున్నట్టు. “పసుపుపచ్చగా. వెలిగి ఆరి, వెలిగి ఆరి. బయల్దేరబోతూ లెక్కపెట్టుకున్నాను కూడా, ఆగిపోతుందేమోనని.” చెయ్యి దించింది. “ఏమో. తడిసిన గోడమీద ఎండేమో. మొన్న పొయ్యిమీద కెటిల్ పెట్టి, పెట్టలేదనుకుని బట్టలు ఆరెయ్యడానికి వెళ్లిపోయాను కదా. ఇదీ అలాంటిదేనేమో.”

“అమ్మా, అలాంటిదేం కాదు.”

“కాకపోతే ఇంకేమిటి? వెనకే వచ్చిన మనిషి లేదంటుంటే నేనొక్కదాన్నే ఉందనడమేమిటి?” కోటు జేబులో చెయ్యి పెట్టి తాళాలు తీసింది. వాటికి ఉన్నితో అల్లిన చిన్న గొర్రెపిల్ల వేలాడుతోంది. “నా తలే సరిగ్గా లేదేమో. ఇంత సరిగ్గా కనిపించింది కూడా లేదని తేలితే, రేపు నేను మనుషుల మీదకే ఎక్కిస్తాను. తీసుకో.”

మార్టిన్ తాళాలు తీసుకున్నాడు. తీసుకుని పిడికిలి బిగించాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, గొర్రెల వైపు చూస్తున్నట్టు మొహం తిప్పుకున్నాడు.

అప్పుడు ఆవిడ నెవిల్ దగ్గరికి నడిచి వచ్చింది. అతని భుజందాకా కూడా లేదు. తలెత్తి చూసింది.

“నువ్వు చెప్పు నాయనా. ఇందాకట్నుంచి ఆయనే మాట్లాడుతున్నాడు, నువ్వేం మాట్లాడలేదు. నడిపింది నువ్వు. దీపం లేదని నువ్వంటే నమ్ముతాను. ఇక తాళాల మాట ఎత్తను. నాకు తెలిస్తే చాలు.”

“నెవిల్, మనం బయల్దేరాలి, చీకటి పడితే నీ హెడ్‌లైటు కూడా —” అన్నాడు టెరీ.

“ఉంది,” అన్నాడు నెవిల్.

ఆ మాట ఎంత చిన్నగా వచ్చిందంటే మార్టిన్‌కి వినబడలేదు. “ఏమన్నారు?” అని అడిగాడు.

“దీపం ఉంది. వంతెన దగ్గర తిరిగినప్పుడు వేశాను. తియ్యలేదు. ఆవిడ చూసింది నిజమే.” చూపుడువేలు ఎత్తాడు. “గుద్దుకున్నాక తీశాను. ఇదిగో, ఈ వేలితో. ఎందుకు తీశానో నాకు తెలీదు. తెలుసు. భయపడి తీశాను.”

గోడ అవతల గొర్రె ఒకటి దగ్గింది.

మార్టిన్ టెరీ వైపు తిరిగాడు. “మీరు లేదన్నారుగా.”

టెరీ మొహం కందగడ్డలా అయింది. “వెనకనుంచి ఎండ,” అని గొణిగాడు. “నాకేం కనబడలేదు.”

నెవిల్ అతన్ని కాపాడలేదు, పట్టివ్వలేదు. కాపాడాలని ఒక్క క్షణం అనిపించింది కానీ, ఇంకొక్క అబద్ధం మోసే ఓపిక అతనికి లేదు. టెరీ నీలం కారు దగ్గరికి వెళ్లాడు. ఎక్కేముందు నెవిల్‌కి మాత్రమే వినబడేలా, “ఇకనుంచి నీ వెనక నేను రాను. లైట్లు ఎవడు కొడతాడో చూసుకో,” అన్నాడు. ఇంజను గర్జించింది. మలుపు తిరిగేదాకా నెవిల్ ఆ చప్పుడు విన్నాడు. రేకు వంచడం నేర్పిన చేతులు అలా వెళ్లిపోతుంటే ఏడుపొచ్చింది, ఏడవలేదు.

ముసలావిడ మాత్రం ఇంకా అతని ముందే నిలబడి ఉంది.

“చూపించు,” అంది.

“ఏమిటమ్మా?”

“దీపం. వేసి చూపించు.”

ఆవిడ వెళ్లి తన కారులో, ఇందాక కూర్చున్న చోటే కూర్చుంది. సీటు మీద పాయసం ఉందని కూడా చూసుకోలేదు. అద్దం దించింది. మార్టిన్ పక్కన నిలబడి వంగి, ఆవిడ చూసే వైపే చూశాడు. నెవిల్ తన కారులోకి దిగి, తాళం తిప్పి, మీట ఎడమకి వేశాడు. వెలగదేమో, తీగ తెగిపోయిందేమో అనుకున్నాడు. ఊడిపోయి వేలాడుతున్న ఆ దీపం, మడ్‌గార్డు ముందు గాలికి ఊగుతూ, వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

ఎండ ఇందాకటికంటే ఇంకా కిందకి దిగి, తిన్నగా ఆవిడ మొహం మీద పడుతోంది. ఆవిడ కళ్లు చికిలించి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది.

“అదే,” అంది. “పసుపుపచ్చగా. అదే నేను చూసింది.”

కళ్లు తుడుచుకుంది. తువ్వాలుకున్న పాయసం చెంపకి అంటింది. మార్టిన్ తన చేతిరుమాలుతో తుడవబోతే అతని చెయ్యి పక్కకి నెట్టి, అరచెయ్యి చాచింది. ఏమీ అడగలేదు, చాచి ఉంచింది. మార్టిన్ ఆ చేతిని చూశాడు. “అమ్మా, అయినా సరే, దీపం చూసి వెళ్లిపోకూడదు, బండి తిరిగేదాకా ఆగాలి...” అన్నాడు.

“ఆగాల్సిందే. ఆ తప్పు నాది, ఇన్సూరెన్సువాళ్లకి నా పేరునే రాయించు. నాకు చూపు లేదని, తల తిరిగిందని మాత్రం రాయించకు.”

చెయ్యి అలాగే ఉంది. మార్టిన్ తాళాలు అందులో పెట్టాడు. గొర్రెపిల్లని ఆవిడ వేళ్లు గబుక్కున మూసుకున్నాయి.

పేర్లూ ఫోన్ నంబర్లూ రాసుకున్నారు. నెవిల్ తన కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. మార్టిన్ అది చదివి మడిచి, “కృతజ్ఞతలు చెప్పాలో తిట్టాలో తెలియడం లేదండీ,” అన్నాడు. వేలాడే బంపర్ని తాడుతో కట్టాడు. పాయసం గిన్నె అడుగున ఇంకా కొంచెం మిగిలి ఉంటే మూతపెట్టి ఆవిడ పక్కన పెట్టాడు. తర్వాత గొర్రెలు గుర్తొచ్చి బైకెక్కి పైకి వెళ్లిపోయాడు, రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ.

ఆవిడ బయల్దేరే ముందు నెవిల్ కారు పక్కకి నడిచి వచ్చి ఆగింది. అంత కింద కూర్చుని ఉన్నాడు కాబట్టి ఇప్పుడు ఆవిడే పొడుగు.

“చెప్పావు. మంచిదే,” అంది. “కానీ నన్ను ఎంతసేపు నిలబెట్టావో తెలుసా? నాకు మతిపోయిందని నేనే నమ్మేదాకా నిలబెట్టావు.”

నెవిల్ క్షమించమని అడగబోయాడు. ఆవిడ వినడానికి ఆగకుండా వెళ్లి తన కారెక్కింది.

ఎర్ర కారు సందు నోటి దగ్గరికి వచ్చింది. పట్నంవైపు వెళ్లడానికి కుడి దీపం వేసుకుని ఆగింది. నెవిల్ వెనకనుంచి పోస్టు వ్యాను ఒకటి వచ్చింది, ఎడమ దీపం కొడుతూ. దాని డ్రైవరు ఆవిడకి ఏళ్లుగా తెలిసినవాడే అయ్యుంటాడు, దూరంనుంచే చెయ్యి ఊపాడు. ఆవిడ కదల్లేదు. వ్యాను సందులోకి తిరిగి, ఆవిడ పక్కనుంచి దాటి, పైకి ఎక్కి కనుమరుగయ్యేదాకా కదల్లేదు. రోడ్డు ఖాళీ అయింది. అటూ ఇటూ ఒక్క పిట్ట కూడా లేదు. అయినా ఎర్ర కారు అక్కడే ఉంది.

ఎందుకు వెళ్లడం లేదో నెవిల్‌కి అర్థం కాలేదు. ఆవిడ తనవైపే చూస్తోంది. అప్పుడు మడ్‌గార్డు ముందు వేలాడుతున్న దీపం కనబడింది. అది ఇంకా వెలిగి ఆరుతూనే ఉంది. మీట తియ్యడం మళ్లీ మర్చిపోయాడు.

చప్పున మీట తీశాడు. దీపం ఆరింది. ఆవిడ కదల్లేదు. వెలిగిన దీపాన్నీ నమ్మడం లేదు, ఆరిన దీపాన్నీ నమ్మడం లేదు. నెవిల్‌కి తల కొట్టేసినట్టయింది. తాళం తీసి డాష్‌బోర్డు మీద పెట్టాడు. స్టీరింగు వదిలి, రెండు చేతులూ పైకెత్తి, ఆవిడకి కనబడేలా అలాగే పట్టుకు కూర్చున్నాడు.

ఆవిడ ఆ చేతుల్ని చూసింది. అటువైపు ఇంకోసారి చూసుకుంది. అప్పుడు బయటికి వచ్చి, కుడికి తిరిగి, భర్త దగ్గరికి వెళ్లింది.

ఎర్ర కారు కనబడకుండా పోయాక నెవిల్ చేతులు దించాడు. డాష్‌బోర్డు కిందకి తల దూర్చి, పీకేసిన బజర్ తీగ కోసం చీకట్లో తడుముకున్నాడు.